ఇద్దరికీ ఒకే షుగరు

కూచోరా వెంకీ, అట్ల భయపడి చూడాకు. కండ్లు తిరిగినాయి, అంతే. "షుగరు తగ్గిపాయ, మాత్రలు ఆపేయమని డాక్టరు చెప్పినంక మళ్ళా ఎందుకు మింగినావు పెదనాయనా" అంటావు. చెప్తా ఉండు, ఆ ఏసీ కొంచెం తగ్గియ్యి ముందు. మీ పెద్దమ్మ తిరుపాలమ్మను నువ్వు చూళ్ళేదు గదా. అబూ హలీఫాలో కువైటీ వాళ్ళింట్లో ఇంటిపని ఆమెకు, నాకేమో ఈ సులైబియా గోడౌన్లో కాపలా. ఒకే దేశంలో ఉండి, ఆలుమగలం శుక్రవారం శుక్రవారం కలుస్తాంటిమి. ఆ ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారీడ, ఆ మామా పెట్టిన కూర, అన్నం, ఆ హల్వాలు, ఏదీ తాను తినకుండా దాపెట్టుకోని తెచ్చేది. మామా నవ్వేదంట, "ఆయనకు ఆడ తిండి పెట్టరా ఏంది" అని. మహబూలా సముద్రం ఒడ్డున గుడ్డ పరిచి, ఒకే తట్టలో తింటాంటిమి. "తినయ్యా, వారానికొక పూటే గదా" అని మంచి ముక్కలు నా పక్కకు నెట్టేది. నేను మళ్ళా ఆమె పక్కకు నెడ్తి. మొండిదిలే, వినేది కాదు.

ఇద్దరికీ ఒక్క ఏడాదే వచ్చింది షుగరు. ఆ మలబారు డాక్టరు ఉండాడే, మా ఇద్దరి రిపోర్టులూ చూసి, "ఒకే వంటిల్లు కదా బాబా, ఆలుమగలకు ఇట్లనే వస్తాది" అన్యాడు. వంటిల్లంట! మాకు వంటిల్లు యాడిదిరా? నాకు కోపమొచ్చింది గానీ, ఆమె మాత్రం బయటికొచ్చి ఒకటే మురిసిపాయ. "చూస్తివా, మనం ఒకింట్లో కాపరం చేస్తాండామనుకున్యాడు" అని. ఆపొద్దు నుంచి ఇద్దరికీ ఒకే మాత్ర. తెల్లారితే ఫోన్. "మింగినావా?" "మింగినా. నువ్వు?" "ఇప్పుడే." అదేరా మా కాపరం.

గుండె ఆగి పాయ ఆమె. పెట్టెలో పెట్టి ఊరికి పంపిస్తి, నాలుగేండ్లాయ. మొన్న ఆ డాక్టరే, "శభాష్ బాబా, షుగరు ఖలాస్! ఏం చేసినావు?" అని నా వీపు తట్టినాడు. ఏం చేస్తిని? సరిగ్గా తిననే తినలా. శుక్రవారమొస్తే ముసుగు తన్ని పండుకుంటాండా. రోగం పోతే ఎవరైనా సంతోషపడ్తారు, నాకు ఏడుపొచ్చిందిరా. ఆమెకూ నాకూ కలిపి మిగిలింది అదొక్కటే, అదీ పాయ.

ఏంది, ఆ మాత్రలు ఎత్తుకోని పోతావా? పో, తీసుకపో. ఒక పట్టీ మాత్రం ఆడ పెట్టు నాయనా. మింగన్లే, ఒట్టు. తెల్లారి ఆ టయానికి చేతిలో పట్టుకునేదానికి ఏదో ఒకటి ఉండాల గదా... సరేలే, నీ బస్సొచ్చే టైమాయ. యల్లా, లెయ్యి.