బేకరీల వీధిలో గోవింద భిక్ష

“అవ్వా, పోయిన పెరటాసిలో నువ్వు నామం పెట్టుకోని బేకరీల కాడ అడుక్కున్యావంటనే, నిజమేనా?”

ఎవురు సెప్పినారు నీకు? మీ అమ్మేనా? ఆయమ్మకి ఆ సంగతి ఇంకా మింగుడు పడలేదు సూడు. అడుక్కున్యానంట! అడుక్కుంటే ఏమిమే? నేనేమన్నా నా కడుపు కోసరం అడుక్కున్యానా? సామి కోసరం అడుక్కుంటిని. సామి కోసరమని కూడా కాదులే, నిజం సెప్పాలంటే మీ తాత కోసరం. సరే, ఆ రికార్డు సేసే ఫోను అట్ల పక్కన పెట్టు. నోటి కాడ పెట్టొద్దు, నాకు మాట రాదు. ఆ, అట్ల.

నువ్వప్పుడు చిత్తూరులో హాస్టల్లో ఉండావు. పరీక్షలుండాయి, పాపకి సెప్పొద్దండి అన్యాడు మీ నాయన. మీ తాతకి టైఫాయిడ్ వచ్చింది గదా. జరం పోయింది, పోతా పోతా ఆకలిని కూడా ఎత్తుకోని పోయింది. ఏం పెట్టినా నోట్లో పెట్టుకునేది, నా మొగం ఒకసారి సూసేది, ఊంచేసేది. “మట్టి మాదిరి ఉండాది” అంటాడు. సంగటి కెలికితే మట్టి. ఊరుబిండి నూరితే మట్టి. ఇడ్లీ అంటే పానం ఇచ్చే మనిషి గదా, ఇడ్లీ పెడితే అదీ మట్టే. ఒకరోజు కోపానికి నిజంగానే ఇంత మట్టి తెచ్చి పెడదామా అనిపించింది నాకు.

మనిషి సూస్తే మంచానికి అతుక్కోని పోయినాడు. ఆస్పత్రికి తీసకపోతే డాక్టరమ్మ అన్నీ సూసి, “రక్తం బాగుండాది పెద్దమ్మా, జబ్బేం లేదు, తినాల్సిందే. సోమవారానికి కూడా తినకపోతే ముక్కులో గొట్టం పెట్టి పోయాల్సి వస్తాది” అనింది. మీ తాతకి సెవుడు గదా, నగరిలో మరమగ్గాల కాడ ఆ డకడక శబ్దంలో బతుకంతా పనిచేసినాడు, మనం అరిస్తేనే వినపడదు. ఆ గొట్టం మాట మాత్రం ఎట్ల వినపడిందో! “పెడితే పీకి పారేస్తా, పీకి పారేసి పోతా” అన్యాడు. ఆ పొద్దు శుక్రవారం. ఇంటికొచ్చి నేను వంటింట్లో కూర్సోని ఏడిస్తిని. ఏడ్సి, మొగం కడుక్కోని, మొక్కుకుంటిని. సామీ, రేపు పెరటాసి శనివారం, నీకు తళిగ పెడతా, ఈ మనిషి గొంతులో ముద్ద దించు అని.

తళిగ అంటే నీకు తెలుసు గదా? తెలీదు? ఏం సదువులు సదువుతారో ఏమో! పెరటాసంటే కొండ మిందుండే సామి నెల, ఆ నెలంతా నీసు ముట్టరు. మా నగరిలో ఆ నెల శనివారం తెల్లారిందంటే నామం పెట్టుకోని, సెంబుకి కూడా నామం పెట్టుకోని, ఇంటింటికీ పోయి గోవిందా అంటారు. పిడికెడు బియ్యం ఏస్తారు. ఎంత ఉన్నోడైనా ఆ పొద్దు అడుక్కోవాల్సిందే. ఇంట్లో మూటలుంటే ఉండనీ, ఆ బియ్యం పనికిరావు. అడిగి తెచ్చిన బియ్యంతోనే పొంగలి, ఆ బియ్యప్పిండితోనే దీపం, ఆకులో పెట్టి సామికి సూపిస్తే అదే తళిగ. మా మగ్గాల ఓనరు కారు దిగొచ్చి మా ఇంటి ముందర సెంబు సాపేటోడు. అప్పుడు మా నాయన మొగం సూడాల! ఏడాదంతా ఆయప్ప కాడ సెయ్యి కట్టుకోని నిలబడేటోడు గదా, ఆ ఒక్క పొద్దు గమ్మున నిలబెట్టి, నిదానంగా, గింజ గింజ కనపడేటట్టు ఏసేటోడు. మా అమ్మ లోపల్నుంచి “బిన్నా ఏసి పంపించు, అబ్బా” అని తిట్టేది.

నగరిలో అయితే సరే. ఈడ ఏర్పేడు రోడ్డు మింద ఎవుర్ని అడిగేది? ఈ పక్కన పెద్ద కాలేజీ వచ్చినాక లేసిన కాలనీ ఇది. మీ నాయనకి ఆడ కరెంటు పని దొరికిందని మనమూ వస్తిమి. మనింటి వరసంతా గేట్లు, గేట్ల మింద కెమెరాలు. నేను తలకి పోసుకోని, పసుపు సీర కట్టుకోని, నుదుటి నిండా నామం పెట్టి, ఇత్తళి సెంబు పట్టుకోని బయలుదేరితే మీ అమ్మ అడ్డం నిలబడింది. “అమ్మా, నీకు పుణ్యముంటాది, ఈ కాలనీలో మా పరువు తియ్యొద్దు, బియ్యం నేనిస్తా” అనింది. నువ్విస్తే సెల్లదే అంటే వినదు. నా కడుపున పుట్టిందే, నగరిలో పెరిగిందే, ఆయమ్మకి కూడా ఇప్పుడు ఇది అడుక్కోవడం మాదిరి కనపడతాండాది!

పోతిని. మొదటి గేటు కాడ గోవిందా అంటే లోపల్నుంచి “చిల్లర లేదు” అని వినపడింది. రెండో గేటు కాడ కుక్క బయటికొచ్చింది, మనిషి రాలేదు. మూడో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే ఒక అమ్మణ్ణి మాత్రం నవ్వతా నవ్వతా వచ్చి ఫోటో తీసుకునింది. అబ్బ, ఎంత బక్తో అనుకుంటిని. ఆ ఫోటోని కాలనీ వాట్సాప్‌లో పెట్టి, ఎవురో ముసిల్ది అనుమానంగా తిరుగుతాండాది, తలుపులేసుకోండి అని రాసిందంట! మీ నాయన ఫోన్లోకి కూడా వచ్చింది. సొంత అత్తని గుర్తుపట్టడానికి ఆయప్పకి అంతసేపు పట్టింది సూడు, నామం అంత పెద్దగా పెట్టుకోని ఉండా నేను.

ఇంగ ఇండ్లతో అయ్యే పని కాదని రోడ్డు మిందికి పోతిని. ఆడంతా తిండి అంగళ్ళే గదా. దేశంలో ఉండే పిలకాయలంతా ఆ కాలేజీకి సదువుకి వచ్చినారా, వాళ్ళ కడుపుల కోసరం దేశంలో ఉండే పొయ్యిలన్నీ వాళ్ళ ఎనకాలే వచ్చినాయి. మొదట అయ్యంగారు బేకరీ ఉండాది సూడు. బోర్డు మింద అయ్యంగారే, గల్లా కాడ కూర్సునేది మాత్రం హాసన్ నుంచి వచ్చిన గౌడ. మెల్లగా అడిగితే నవ్వతాడు, అయ్యంగారని పెడితేనే బన్ను అమ్ముడు పోతాదంట. నేను గోవిందా అంటే ఆయప్ప తలకాయ ఎత్తకుండా “ముందె హోగమ్మా” అన్యాడు. నాకు కోపం నెత్తికెక్కింది. “ఏందయ్యా ముందరికి పోయేది? నీ మాదిరి అంగళ్ళున్నోళ్ళు మా ఊర్లో నా కాడికొచ్చి సెంబు సాపినారు, తెలుసా నీకు?” అని మొదలు పెట్టి మొత్తం సెప్పేస్తిని. నగరి సంగతి, తళిగ సంగతి, మీ తాత సంగతి, గొట్టం సంగతి. టీ తాగేటోళ్ళంతా గ్లాసులు పట్టుకోని వింటాండారు. గౌడ లేసి నిలబడి సెప్పులిడిసినాడు. “అక్కి ఇల్లమ్మా, బేకరీలో బియ్యం ఎల్లి? మైదా ఇదె” అన్యాడు. రెండు సేతులతో మైదా తెచ్చి ఏసినాడు సెంబులో. నేను దాన్నే సూస్తా నిలబడితిని. మైదా! కొండ మిందుండే సామి పుట్టినకాడ్నుంచి మైదా తిని ఉంటాడా? కానీ అడిగినాక వద్దనకూడదు గదా.

ఆ పక్కనే కేరళామె. అందరూ చేచీ చేచీ అంటే అదే పేరనుకుంటిని చానా దినాలు. అక్కా అని పిలవడమంట వాళ్ళలో. నాకంటే ముప్పై ఏండ్లు సిన్నామెని నేను అక్కా అక్కా అని పిలస్తా ఉండా! ఆమె సిప్సు ఏంచతా, “అరియో?” అని అడిగి, లోపలికి పోయి బియ్యమే తెచ్చింది. సంతోషపడి సూస్తే ఎర్రబియ్యం, గింజ ఒక్కోటీ నా సిటికెనేలంత ఉండాది. తెల్ల మైదా మింద పడినాయి. ఆ తరవాత మోమోలమ్మే నేపాలు పిల్ల. ఆ పిల్లకి నా మాట రాదు, నాకా పిల్ల మాట రాదు. నేను నోరు తెరిసే లోపలే సెంబు సూసి, దండం పెట్టి, పరిగెత్తి పోయి బియ్యం తెచ్చి ఏసింది. వాళ్ళ దేశంలో కూడా దీపావళికి ఇట్లనే ఇంటింటికీ పోతారంటనే! ఆడ తిరిగే ఒక కాలేజీ పిలకాయ సెప్పినాడు. అంత దూరం నుంచి వచ్చిన పిల్లకి తెలిసింది, నా కూతురికి తెలీలేదు.

కడాకి బాషా బన్ను అంగడి. బాషాది మదనపల్లె పక్క. కట్టెల బట్టీ ఉండాది, ఆ వాసన రోడ్డు మలుపు దాకా వస్తాది. నన్ను సూసి ఆయప్ప గల్లా ఇడిసి ఎనక్కి పోయినాడు. ఏమప్పా అంటే, “నేనియ్యొచ్చునా అమ్మా? మీ సామికి మా సేతిది…” అని నసిగినాడు. “ఏం నాయనా అట్లంటావు? బీబీ నాంచారమ్మ ఎవురింటి ఆడబిడ్డ? సామికి నువ్వు అత్తగారింటి మనిషివి. మేం బయటోళ్ళం, మేమే అడగాల” అంటిని. అంత పెద్ద గడ్డమేసుకోని సిన్నపిల్లోడి మాదిరి నవ్వినాడు. “బియ్యం లేదమ్మా, బన్ను ఇప్పుడే దిగింది” అన్యాడు. గుడ్డు ఏసినావా నాయనా అంటే, “పెరటాసి నెలంతా మా బట్టీలో గుడ్డు పగలదమ్మా, పగిలితే ఈడ ఎవురు కొంటారు?” అన్యాడు. మనోళ్ళు శనివారమని మర్సిపోయి ఆమ్లెట్టు తిని, ఆదివారం లెంపలేసుకుంటారు. ఆయప్ప నెలంతా నిష్ఠగా ఉండాడు సూడు, యాపారమైతేనేమి! కాగితంలో వేడి బన్ను సుట్టి సెంబు మింద పెట్టినాడు.

ఇంటికొచ్చి ఆ మైదా జల్లించి తీసి, బెల్లం కలిపి దీపం సేస్తిని. అబ్బబ్బ, ఏం జిగురమ్మా అది! ఏలు పెడితే ఏలితోనే సాగొస్తా ఉండాది, దీపం నిలబడదు. తెల్లబియ్యం, ఎర్రబియ్యం ఒకే కుండలో ఏస్తినా, నేపాలు బియ్యం గుజ్జయిపోయింది, కేరళ బియ్యం రాళ్ళ మాదిరి అట్లనే కూర్సోనుండాయి. ఎట్లనో పొంగలి అనిపించి, మీ తాత మంచం ఎదురుగా గోడకి నామం గీసి, అరిటాకేసి, పొంగలి పెట్టి, పండు పెట్టి, బన్ను పెడితిని. మీ తాత గోడ పక్కకి తిరిగి పండుకోనుండాడు. సూస్తే నాకు బయమేసింది మే. ఊపిరి తీస్తాండాడా లేదా అని ఎన్నిమార్లు ముక్కు కాడ సెయ్యి పెట్టి సూసినానో. ఈయప్ప పోతే నేనెవుర్ని తిట్టేది సెప్పు?

కర్పూరం మర్సిపోయినానని వంటింట్లోకి పోతిని. తీసుకోని వస్తే ఆకు మింద పొంగలుండాది, పండుండాది, బన్ను లేదు. మంచం మింద మీ తాత లేసి కూర్సోనుండాడు. కట్టుడు పండ్లు తీసి పక్కన పెట్టి, బోసి నోటితో నములుతాండాడు. మీసానికంతా బన్ను పొట్టు.

“ఏందయ్యా నువ్వు సేసిన పని! సామికి సూపించలేదు, దీపం ముట్టించలేదు, మొక్కంతా గంగలో కలిపితివే!” అని నేను అరస్తా ఉంటే, ఆయప్ప మింగి, నా పక్క సూసి, “ఇంగోటుండాదా?” అన్యాడు.

ఇంగోటుండాదా అంట! అన్ని దినాలు కాళ్ళు పట్టుకుంటే తినని మనిషి! నేను ఆడ్నే కూలబడి గట్టిగా ఏడిస్తిని. ఆ ఏడుపు ఇని మీ అమ్మ తాత పోయినాడనుకోని, జుట్టిరబోసుకోని “నాయనా” అంటా వచ్చింది. వచ్చి సూస్తే నాయన బన్ను తింటాండాడు. అది సూసి ఇంకా గట్టిగా ఏడిసింది. ఇద్దరం ఏడస్తాండాం, ఆయప్ప మాత్రం ఏలికంటుకున్న పొట్టు నాకుతాండాడు.

దీపం ముట్టిస్తిని, పొగ తప్ప మంట లేదు. సామితో సెప్పేస్తిని: నీ బన్ను నా మొగుడు తినేసినాడు, ఈ పక్కనే కాళాస్తిలో ఈశ్వరుడు ఎంగిలి తిన్యాడు, నిన్ను అంత కూడా అడగను, ఈసారికి ఆ పొంగలితో సరిపెట్టుకో అని. ఆ నామంతోనే బాషా అంగడికి పరిగెత్తితిని. నన్ను సూసి ఆయప్ప బయపడి “ఏమైందమ్మా?” అన్యాడు. “తిన్యాడు నాయనా, ఇంగోటి కావాలంట” అంటే, ఆ సంతోషంలో గుడ్డ లేకుండా కాలే ట్రే పట్టుకోని ఎగిరినాడు పాపం. తళిగకి ఎవురు ఏస్తే వాళ్ళకి పంచాల గదా, పొంగలి తీసకపోయి అందరికీ పెడితిని. గౌడ కళ్ళకద్దుకోని తిన్యాడు, తినలేక నీళ్ళు తాగినాడు. సోమవారం గొట్టం లేదు, ఏమీ లేదు. డాక్టరమ్మ ఏం పెట్టినావు పెద్దమ్మా అంటే బన్ను అంటిని, నమ్మలేదు.

నాకు కోపం రాలేదనుకున్యావా? రెండు దినాలు మాట్లాడలేదు ఆయప్పతో. అదొక్కటే ఎందుకు తిన్యావయ్యా అంటే, నగరిలో షిఫ్టు దిగి టీలో ముంచుకోని తినే బన్ను వాసన వచ్చిందంట. అప్పుడు పావలా, ఆ బన్ను. యాభై ఏండ్లు నేను వండి పోసిందంతా మట్టి, పావలా బన్ను మాత్రం బంగారం! పోనీలే. తిన్యాడు గదా. ఇప్పుడు కూడా సూడు, లోపల ఏదో నములుతాండాడు.

నిన్నేమని దీవించేది పాపా? ఉద్యోగం రావాల, కారు కొనాల అని మీ అమ్మ ఎట్లాగూ దీవిస్తాది. నేను సెప్పేది ఒకటే. నీకెప్పుడూ బాగా ఆకలి కావాల. యాడుండినా, నీ మొగం తెలీనోళ్ళు కూడా నీ సేతిలో ఇంత పెట్టాల. దాన్ని సామి కంటే ముందు నువ్వు తినేసినా ఏం కాదులే… సల్లగా ఉండు తల్లీ.