మెట్టుకు నీడ

నువ్వు గీసుకొచ్చిన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకో. మెట్టు అంచుకు లైటు పట్టీ వేయమంటావా? ఇప్పుడా? అమ్మ తుంటి విరిగి నాలుగు నెలలయ్యాక గుర్తొచ్చిందా నీకు?

కూర్చో. లేవకు. నీ అన్నను నేను, నాలుగు మాటలంటే పడాలి.

నీ ఫ్లాటులో లైట్ల పనంతా నా చేతుల మీదుగానే జరిగింది కదా. పదకొండు రోజులు. సీలింగ్ అంచుల్లో ఎల్ఈడీ పట్టీలు దాచాను. బల్బనేది కంటికి కనపడకూడదన్నావు, కనపడనివ్వలేదు. హాల్లో ఒక బల్ల, రెండు కుర్చీలు. దొంగ వచ్చినా జాలిపడి ఏదో ఒకటి పెట్టి వెళ్తాడ్రా అంటే, "అన్నయ్యా, ఈ ఇంటికి వెలుతురే సామాను" అన్నావు. బాగానే ఉందిలే ఆ మాట.

కానీ వెలుతురు నాలుగు వైపుల నుంచీ సమంగా పడితే నీడ ఉండదు. పడగ్గదిలోంచి హాల్లోకి దిగే ఆ ఒక్క మెట్టూ తెల్లరాయే, కింద నేలా తెల్లరాయే. నీడ లేకపోతే మెట్టని ఎలా తెలుస్తుంది? అందుకే నువ్వు అడక్కపోయినా దాని అంచు కింద చిన్న లైటు పెట్టాను.

నువ్వేమన్నావు? "గీత గీసినట్టుంది, అందం పోతోంది, తీసెయ్" అన్నావు. ఇల్లు చూడవచ్చిన నీ స్నేహితుల ముందు. వాళ్లు నవ్వారు కూడా.

తీసేశాను. మారు మాట్లాడలేదు. కోపమొస్తే నాకు నోరు లేవదు, నీకు తెలుసు. అదే నా గొప్ప అనుకునేవాణ్ణి.

ఏడవకు. నీ తప్పు అంతవరకే. మిగతాది నువ్వెరగవు.

అదే రోజు మధ్యాహ్నం అమ్మను నువ్వే చెయ్యి పట్టుకుని మెట్టెక్కించి పడుకోబెట్టావు. సాయంత్రం నువ్వు వంటగదిలో ఉన్నావు. అమ్మ నిద్రకళ్లతో లేచొచ్చి పడగ్గది గుమ్మంలో నిలబడింది. "పెద్దాడా, అంతా ఒకటే తెలుపుగా ఉందేమిట్రా. నేల సమంగానే ఉందా?" అనడిగింది.

నాలుగడుగుల దూరంలో స్విచ్చు బిగిస్తున్నాను. మెట్టుందమ్మా, ఆగు అంటే సరిపోయేది. తల కూడా తిప్పలేదు. "నీ చిన్నకొడుకునే అడుగు. ఈ ఇంటి సంగతి ఆయనగారికే తెలుసు" అన్నాను.

సరేనని నిన్ను అడగడానికే బయల్దేరింది.

నేనన్న ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు. డాక్టరుతో, కళ్లు ఆనలేదు బాబూ అంది. నీకూ అదే చెప్పింది. నువ్వు నీ లైట్లను తిట్టుకుంటుంటే నేను పక్కన నిలబడి తలాడించాను. అబద్ధమాడేవాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనివాణ్ణి, నేను.

ఇప్పుడు నా దగ్గరే ఉంది కదా. మెట్టన్నదే లేని ఇల్లు నాది. కర్ర పట్టుకుని ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, కాలితో తడుముకుంటుంది. సమంగానే ఉందమ్మా, రా అంటాను. కదలదు. తిట్టదు, విసుక్కోదు. మెల్లగా అంటుంది.

"కోడల్ని పిలువు నాయనా. తను చూసి చెప్తుంది."