తనిఖీ చేసినవారి సంతకం

ఆ అమ్మాయి ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి అదే ఆఖరి రోజు. ఉద్యోగం ఉందో లేదో తేల్చవలసిన చీఫ్ ఇంజనీరు తలుపు మూసి, డ్రాయింగు బల్లమీద పరిచాడు.

"సైట్లో కాంక్రీటు ఆపమని ఫోన్ చేసిందెవరు?"

"నేనే సార్."

"ఎవర్నడిగి?"

"మీరు మీటింగులో ఉన్నారు. మిక్సర్ లారీ అప్పటికే గేటు దాటింది సార్."

"నువ్వు చెప్తే ఆపేశారా?"

"మీరు ఆపమన్నారని చెప్పాను."

"నా పేరు వాడుకున్నావా! ఎంత ధైర్యం నీకు?"

"ఇంటర్న్ మాట ఎవరు వింటారు సార్? ఈ స్తంభానికి మన లెక్కలో పన్నెండు రాడ్లు. డ్రాయింగులో ఎనిమిదే పడ్డాయి. వాళ్ళు ఎనిమిదే కట్టేశారు."

ఆయన వేలు డ్రాయింగులోని రాడ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత కిందికి జారి, 'తనిఖీ చేసినవారు' అన్న గడి దగ్గర ఆగిపోయింది.

"ఈ సంతకం ఎవరిదో చూశావా?"

"చూశాను సార్. సైట్లో వాళ్ళు మాత్రం తప్పు మీరే పట్టుకున్నారనుకుంటున్నారు."

ఆయన ఫోన్ ఆమె వైపు జరిపాడు.

"మళ్ళీ చెయ్యి. తప్పు నాదని చెప్పు, పట్టుకుంది నువ్వని చెప్పు."

"నువ్వెవరని అడిగితే సార్?"

"ఈ ఆఫీసు ఇంజనీరునని చెప్పు."