కుమారస్వామి సార్ చెప్పిన ఇంగ్లీషు

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ప్రేమలత ఇల్లు. ముప్పై మూడేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో ఆమెకు ఇంగ్లీషు చెప్పిన కుమారస్వామి మాస్టారు, రిటైరైన ఇన్నేళ్లకు సుబేదారి నుంచి ఆటోలో వెతుక్కుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఇంకిన్ని నీళ్లు తాగుండ్రి సార్. ఎండల వచ్చిండ్రు."

"తాగిన గద. ఆ రోజు నువ్వు చదివిందే కరెక్టు, ప్రేమలతా. అది చెప్పిపోదామని వచ్చిన."

"ఏ రోజు సార్?"

"డబ్ల్యూ, ఓ, ఎం, ఈ, ఎన్. నువ్వు లేచి విమిన్ అని చదివినవు. నేను ఉమెన్ అన్న. డస్టర్‌తోని కొట్టిన."

"యాదిలేదు సార్. అందర్ని కొడుతుంటిరి గద."

"మొన్న మనుమరాలు ఫోన్ల వినిపించింది. ఒక్కరైతే ఉమన్, ఎక్కువమందైతే విమిన్. రాసేటప్పుడు మారేది చివర, పలికేటప్పుడు మారేది మొదట. ముప్పయ్యేండ్లు పిల్లలకు చెప్పిన, ఒక్కనాడు డిక్షనరీ తియ్యలే."

"పోనియ్యిండ్రి సార్. జంపఖానాలకు ఇంగ్లీషెందుకు?"

"నీకెట్ల తెలిసింది అప్పుడు?"

"రేడియోల పాఠం వస్తుండె. నాయిన మగ్గం కాడ పెట్టేటోడు."

"అంటే యాదికుంది నీకు."

"చాయ్ పెట్టనా సార్?"

"వద్దు. కొట్టిన తెల్లారి నుంచి నువ్వు బడికి రాలే. నా వల్లనేనా? నిజం చెప్పు బిడ్డా, నాకు నిద్ర పడ్తలేదు."

"నాయినకు పానం బాగలేకుండె సార్. మగ్గం మీదికి మనిషి గావాలె."

"అంతేనా?"

"అంతే సార్."

"నా మీద కోపం లేదా?"

"కోపం లేదు సార్. ఏం లేదు."

"రేడియోల విన్నవు గద. సార్‌దే తప్పు అనుకోలేదా ఎన్నడన్న?"

"మీరు చెప్పినంక రేడియోదేముంది సార్. రేడియోదే తప్పనుకున్న."

"ఇన్నేండ్లు?"

"ఇన్నేండ్లు."

"నీకు పిల్లలు?"

"ఒక్కతే సార్, నవత. తొమ్మిది చదువుతాంది. లోపల్నే ఉన్నది."

"పిలువు. రెండు ముక్కలు చదివిపిస్త."

"చదువదు సార్. నెల దినాలాయె, గట్టిగ చదువుడు బంద్ చేసింది. నాతోని గూడ మాట్లాడ్తలేదు."

"ఎందుకట్ల?"

"విమిన్ అని చదివింది సార్. మా సార్ అట్ల చెప్పలేదని నేనే కొట్టిన."