పక్కగది పాఠం

కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో కొత్త ఫిజిక్స్ లెక్చరరు టీ తాగుతూ ఉంటే, చరిత్ర చెప్పే పెద్దాయన వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నారు.

“ఏమ్మా, మొదటి క్లాసు ఎలా జరిగింది?”

“బ్రహ్మాండంగా జరిగింది సార్! గ్రహణాల గురించి చెబుతుంటే ఒక్కరూ కిక్కురుమనలేదు.”

“వాళ్ళు మా చరిత్ర పిల్లలమ్మా. నువ్వు పక్కగదిలోకి వెళ్ళావు.”

“అయ్యో! మరి మా వాళ్ళు?”

“మేడమ్ రాలేదని క్యాంటీన్‌లో పండగ చేసుకుంటున్నారు.”

“ఒక్కరైనా చెప్పొచ్చు కదా సార్!”

“మొదట భయపడి ఊరుకున్నారట. తర్వాతేమో, చెబితే వెళ్ళిపోతావని ఊరుకున్నారట.”

“అయితే ఆ క్లాసు...”

“నాదే. గుమ్మం దాకా వచ్చి, అక్కడే నిలబడి విన్నాను.”

“గది తప్పింది, క్షమించండి సార్. పాఠం మాత్రం తప్పలేదు.”

“అది నాకు తెలియదూ? నేను చెబుతుంటే బెల్లు కొట్టకముందే సంచులు సర్దేస్తారు. ఇవాళ కొట్టినా ఒక్కడూ లేవలేదు.”

“రేపు మాత్రం తప్పు జరగదు సార్. నా గది ఎక్కడో కనుక్కున్నాను.”

“మా వాళ్ళూ కనుక్కున్నారు. నాలుగు బెంచీలు ఎక్కువ వేయించుకో. చివరిది నాకు.”