ఖాళీ ఊర్లో మగ్గం

దగ్గరికి జరగండప్పా, చాప మింద కూసోండి. ఓబులేసూ, ఏమడిగితివి? “దయ్యమంటే మీకు బయం లేదా అయివారూ?” అనా? ఉండాది నాయనా, యాల ఉండదు?

నేను మీ అంత ఉన్నెప్పుడు మా ఊర్లో ప్లేగు తగిలింది. ఇండ్లల్లో ఎలుకలు రాలిపోతాంటే, ఊరంతా బీగాలేసి చేన్లల్లో గుడిసెలేసుకుంటిమి. జొన్నలు శానా పిరమైపోయి... అది వద్దులే, మాట యాడికో పోతాండాది.

మా మేనత్త సుబ్బమ్మ మొగుడు చీరలమ్మనీకి రాయచోటికి పోయినాడు. ఆమె మామ, నేతపని ముసలాయప్ప, జరంతో లేవలేక “మీరు పోండి, ఎనకాల వస్తా” అన్యాడు. చంకలో పసిబిడ్డ. బిడ్డకు తగుల్తాదని ఆమె ఆయప్పను వదిలిపెట్టి వచ్చె. ఆయప్ప రాలేదు. రెండు దినాలకు సచ్చిపోయినాడనుకున్యారు.

మూడోదినం మిట్టమధ్యాన్నం, కాకి గూడా అరవని ఎండలో, ఊర్లోనుంచి మగ్గం సప్పుడు. టక్... టక్... నేనూ ఇన్యా. మా అమ్మ నా చెవులు మూసె. “ముసలోడు దయ్యమై నేస్తాండాడు” అన్యారు.

సుబ్బమ్మత్త మాత్రం శానాసేపు చెవి పెట్టి ఇన్యాది.

“ఆగింది సూడండి. పోగు తెగింది, అతుకుతాండాడు. దయ్యానికి పోగు తెగుతాదా?”

“అట్లయితే నువ్వే పోమ్మా, సచ్చినోనికి సద్ది కట్టుకోని పో!” అని ఒగాయప్ప ఎగతాళి చేసె.

ఆమె నిజంగానే గంజి ముంత ఎత్తుకున్యాది. బిడ్డను మా అమ్మ ఒళ్లో పెట్టి పోయె. ఆమె ఊర్లోకి పోయినంక సప్పుడు ఆగిపోయె. మళ్లా మొదలు కాలా.

పొద్దు వాలేతలికి ఆయప్పను వీపున మోసుకోని వచ్చె. గుడిసెల కాడికి రాకుండా, దూరంగా గట్టు అవతలే నిలబడి, “బతికుండాడు! ఎవురూ దగ్గరికి రావాకండి, బిడ్డను తేవాకండి” అని అరిచె. పదిదినాలు ఆడనే ఉన్యారు. మేం రాయి మింద సంగటి పెట్టి ఎనక్కి వస్తాంటిమి. ఊర్లోకి పోయినదానికన్నా, బిడ్డ ఏడుపు ఇంటా గట్టు దాటకుండా కూసున్యాది సూడు, అదే నాకు పెద్ద ధైర్యమనిపిస్తాది.

ఆయప్ప నేసింది తెల్లగుడ్డ. సచ్చినంక తన మింద కప్పనీకి ఎవురూ రారని.

ఒగటి మాత్రం సుబ్బమ్మత్త సచ్చేదాంక అంటాండె. మగ్గం పక్కన గంపనిండా కొత్తగా నూలు సుట్టిన కండెలుండాయంట. మా ఇండ్లల్లో కండెలు సుట్టేది ఆడోళ్లు. “ఎవురు సుట్టిరి మామా?” అంటే, ఆయప్ప మూల్లో ఉన్న రాట్నం దిక్కు సూసి, “మీ అత్త” అన్యాడంట. ఆయప్ప పెండ్లాం సచ్చిపోయి అప్పటికి ఏడేండ్లు.

జరంలో అన్యాడో, ఏమో... నాకు తెలీదప్పా.

పొద్దుపోయింది, లేయండి. మీ అమ్మలు సంగటి కెలికింటారు, పోయి తినండి. సల్లగుండండి. ఓబులేసూ, ఉరకాకు. నీ ఎనకాల ఎవురూ రారులే. వచ్చినా, మనోళ్లే అయింటారు.