చెక్ ట్రేకి చిక్కిన ఫైలు

చిల్లకూరు దగ్గర హైవే పక్కన సిలార్ టీ అంగడిలో పెంచలప్రసాద్ కూర్చున్నాడంటే ఆ సాయంత్రానికి మాకు వేరే కాలక్షేపం అక్కర్లేదు. నాలుగు రొయ్యల గుంటలున్న మనిషి, అడిగినవాడికి లేదనడు, కానీ నోరు తెరిస్తే కోతలే. ఆ రోజు మాలో జయరామయ్యే కదిపాడు, మీ పాప ప్రత్యూష కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయేమిటని. రేపు గూడూరు కాలేజీలో చూపించాల్సిన ప్రాజెక్టు ఇంట్లో కంప్యూటర్లోంచి మాయమైందట. మూడు నెలల పని, వేరే కాపీ లేదు. పొద్దుటినుంచీ ఆ పిల్ల అన్నం ముట్టలేదట.

"దాన్ని మింగినోడెవుడో నాకు తెలుసు," అన్నాడు పెంచలప్రసాద్. "నిన్ననే పట్టేసినా. ఇనండి. రొయ్యల మందు గురించి చూద్దామని కంప్యూటర్ తెరిచినానా, తెర మీద ఒక మూల కొత్త బొమ్మ. ఎవురు పెట్టినారో తెలీదు. నొక్కితే నల్లగా ఒక డబ్బా తెరుచుకోని, ఈపొద్దు మేత ఎంతేసినావని నన్నే అడగతా ఉండాది. నా గుంట, నా మేత, దానికెందుకంట? ఇంకొకడైతే బెదిరిపొయ్యి కరెంటు తీసేస్తాడు. నేను ఇరవై ఏళ్ళుగా కంటికి కనపడని రొయ్యలతో కాపరం చేస్తన్నోణ్ణి. నీళ్ళల్లో ఏముండాదో తెలియాలంటే ఏం చేస్తాం? చెక్ ట్రేలో గుప్పెడు మేతేసి దించతాం, కాసేపటికి పైకి లాగి చూస్తాం, ఎవురొచ్చినారో ఎంత తిన్నారో తెలిసిపోద్ది. అదే చేసినా. కొత్త ఫోల్డర్ తెరిచి, దాంట్లో మా పెండ్లి ఫొటోలు నాలుగు వేసి పెట్టినా."

"పెండ్లి ఫొటోలెందుకన్నా?" అన్నాడు సిలార్, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"దొంగకి బంగారం కనపడాల గదా. గంటాగి చూస్తే ఫొటోలో మా ఇంటామె ఉషారాణి మెళ్ళో గొలుసు లేదు."

జయరామయ్య దగ్గుతూ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటర్నెట్ వైరు రెండు చేతులా పట్టి లాగినా. అవతల నుంచి వాడూ లాగతన్నాడు. ఉషారాణి నా నడుం పట్టింది, ఆమె వెనక పక్కింటి రమణయ్య ఇంటిల్లిపాదీ, చాలక వైరుని ట్రాక్టరుకి కట్టినాం. అది సముద్రం కింద నించి వచ్చే వైరు గదా, మేం లాగిన లాగుడికి మన కోట మండలం కాడ సముద్రం రెండు మైళ్ళు వెనక్కి పొయ్యింది, పడవలన్నీ ఇసకలో కూలబడినాయి. అప్పుడు మానిటర్లోంచి చెయ్యొచ్చింది, మోచేతి దాకా. దానికి గడియారం. చూస్తే మన టైము కన్నా నాలుగు గంటలు వెనక. ఏ దేశమోడో అప్పుడే లెక్క కట్టేసినా. బ్లీచింగ్ పౌడర్ దోసెడు చల్లి, గుంటల్లో గాలి చిలికే ఏరేటర్లు పద్నాలుగూ ఒక్కసారే వేసినా. వాడు దండం పెట్టేసినాడు."

"ఒంటి చేత్తోనా?"

"రెండోది స్పీకర్లోంచి వచ్చింది సిలారూ, ఇను ముందు. జన్మలో నెల్లూరు జిల్లా వైపు రానని తెలుగులో రాసిచ్చినాడు. అయినా వదల్లా. ఆ ఫైలుని ఈడ్చకపొయ్యి పాతిపెట్టేసినా."

సిలార్ కూతురు జబీనా ప్రత్యూషతో కలిసి చదువుకుంటోంది. మధ్యాహ్నమంతా వాళ్ళింట్లో ఆ ప్రాజెక్టు కోసం వెతికి వెతికి అప్పుడే వచ్చి, తండ్రి పక్కన నిలబడి ఇదంతా వింది. నవ్వలేదు.

"మామా, ఆ ఫైలు పేరేంది?" అంది.

"అదే గదమ్మా వాడి పొగరు. నా పేరు పెట్టుకోనుండాడు. ఇంగ్లీషులో, పెద్దక్షరాల్లో, పెంచలప్రసాద్ అని. నా ఇంట్లోకి నా పేరుతోనే దూరితే ఊరుకుంటానా?"

"అది దొంగది కాదు మామా. ప్రత్యూషది. నువ్వు గుంట కాడ మేతా మందులూ అట్టముక్కల మీద రాసుకోని, అయ్యి తడిసిపోతే అవస్థ పడతన్నావని నీకోసరమే చేసింది. దీనికి పేరేం పెడతావని సారు అడిగితే, మా నాయన పేరు అన్నింది."

పెంచలప్రసాద్ చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టి తల వంచుకున్నాడు. ఇన్నేళ్ళలో అతన్ని అలా చూడటం మాకదే మొదలు, చూడలేకపోయాం.

"యాడ పాతినావు మామా?" అంది జబీనా నెమ్మదిగా.

"ఆ తెర మీదే... చెత్తబుట్ట బొమ్మ ఉంటాది గదా. దాంట్లోకి ఈడ్చినా."

"మరి ట్రాక్టరు?" అన్నాడు జయరామయ్య.

"ఆ బుట్ట ఖాళీ చేసేసినావా మామా?" అంది జబీనా.

"అట్టా చెయ్యొచ్చని నాకు తెలీదమ్మా."

ఫైళ్ళన్నీ గాలించాం గానీ ఎవరైనా పారేసుంటారని తోచలేదని గొణుక్కుంటూ జబీనా ప్రత్యూషకి ఫోన్ చేసింది. చెత్తబుట్ట తెరిచి చూడమంది. ఆ తర్వాత ఫోన్లోంచి ప్రత్యూష అరుపు మా అందరికీ వినిపించింది. దొరికింది.

"తిడతాందా?" అన్నాడు పెంచలప్రసాద్.

"లేదు మామా. నువ్వొస్తే కలిసి అన్నం తింటదంట."

అతను సగం టీ వదిలేసి లేచాడు. బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపి, వెనక్కి వచ్చాడు. ఇంకో కోత మొదలవుతుందని మేం సర్దుకుని కూర్చున్నాం.

"నా పేరు పెట్టింది జయరామన్నా," అన్నాడు. దానికి ఇంకేమీ కలపకుండా వెళ్ళిపోయాడు.